భౌతికశాస్త్రం వృత్తిగా కావాలనుకుంటే టీనేజీలో ఎలా సిద్ధపడాలి

భౌతికశాస్త్రాన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది, ఇప్పటి నుంచే ఏం చేయాలి అన్న ప్రశ్న పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పాఠకుల దగ్గర నుంచి పదే పదే వస్తోంది. ఏ పుస్తకం చదవాలి, ఏ పాఠాలు చూడాలి అన్నదే వారిలో చాలామంది అడిగేది. చదవడమూ చూడడమూ అవసరమే కాని, నా లెక్కలో అవి మూడో స్థానంలో ఉంటాయి. మొదటిది మీ చేత్తో లెక్క చేయడం, రెండోది మీ చేత్తో కొలవడం. ఈ రెండూ టీనేజీలోనే అలవాటైన వారు కళాశాలలో పాఠం కష్టాన్ని మాత్రమే ఎదుర్కొంటారు. అలవాటు కాని వారు పాఠంతో పాటు పనిచేసే పద్ధతిని కూడా అక్కడే మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది. అందువల్ల కింది అంచెలలో ఈ రెండింటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

కావలసినవి

- పేజీలు ఊడిపోని గట్టి అట్ట నోటుపుస్తకాలు రెండు: ఒకటి లెక్కలకు, ఒకటి ప్రయోగాలకు. వీటిలో పెన్నుతోనే రాయాలి; తప్పును చెరిపేయకుండా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి.
- మీ తరగతి స్థాయిలో, చివర జవాబులు ఉన్న ఒక భౌతికశాస్త్ర పుస్తకం, ఒక గణిత పుస్తకం. ఐదు పుస్తకాలు కొని ఐదింటిలోనూ మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోవడం కంటే ఒక్కదాన్ని చివరి దాకా చేయడం మంచిది.
- కొలత టేపు, దారం, బరువైన చిన్న నట్టు, స్టాప్‌వాచ్, గ్రాఫ్ కాగితాలు.
- కంప్యూటర్ లేదా ఫోన్. సొంతది లేకపోతే గ్రంథాలయంలోనో బడిలోనో వారానికి రెండు గంటలు దొరికినా సరిపోతుంది.
- రోజుకు ఒక గంట. సెలవు రోజున ఆరు గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలేస్తే ఆ గంట చేసే పని జరగదు.

1వ అంచె: మీకు నచ్చింది ఏమిటో తేల్చుకోండి

కృష్ణబిలాల గురించి, విశ్వం పుట్టుక గురించి వినడం చాలామందికి ఇష్టం. ఆ ఇష్టం మంచిదే. ఎంతోమంది శాస్త్రవేత్తలు అక్కడి నుంచే మొదలుపెట్టారు. అయితే వృత్తిలో రోజువారీ పని అది కాదు. ఒక సమీకరణం ఎందుకు కుదరడం లేదో వారం పాటు వెతకడం, ఒక పరికరంలో రొద ఎక్కడి నుంచి వస్తోందో నెల పాటు వెతకడం, చేసినదాన్ని ఇతరులు తప్పు పట్టలేనంత స్పష్టంగా రాయడం, ఇవే ఎక్కువ కాలాన్ని తీసుకుంటాయి.

కాబట్టి రెండు వారాల పరీక్ష పెట్టుకోండి. మీ పుస్తకంలో కొంచెం కష్టమనిపించే పది లెక్కలను ఎంచుకుని, రోజుకు ఒకటి చొప్పున, జవాబు చూడకుండా నలభై నిమిషాలు ప్రయత్నించండి. పదింటిలో ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ ముఖ్యం కాదు. రాని లెక్క ఆ సాయంత్రం మీ మనసులో తిరుగుతూ ఉందా, మర్నాడు మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళాలనిపించిందా అన్నది గమనించండి. అనిపించకపోతే దిగులు పడవలసిన పని లేదు. మరో ఆరు నెలల తరువాత ఇదే పరీక్ష మళ్ళీ పెట్టుకోవచ్చు, లేదా మీ ఇష్టం విజ్ఞానశాస్త్ర రచన వైపో బోధన వైపో ఉందేమో చూసుకోవచ్చు.

2వ అంచె: గణితాన్ని భౌతికశాస్త్రం కంటే ఒక అడుగు ముందు ఉంచండి

బీజగణితం, త్రికోణమితి, సంవర్గమానాలు, సదిశలు, ఆ తరువాత అవకలనం, సమాకలనం, చివరగా సంకీర్ణ సంఖ్యలు, సులభమైన అవకలన సమీకరణాలు: ఈ వరుస దాదాపు ఎక్కడైనా పనికివస్తుంది. పదహారేళ్ళ నాటికి అవకలనం మొదలుపెట్టగలిగితే మంచిది, ఎందుకంటే వేగం అనే మాటకు అసలు అర్థం అందులోనే ఉంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు బీజగణితంలో వేగం రాకముందే కలనగణితంలోకి, అంటే అవకలనం, సమాకలనాలలోకి దూకడం. భౌతికశాస్త్రం రావడం లేదని నాతో చెప్పిన పిల్లల నోటుపుస్తకాలు చూస్తే, చాలాసార్లు తప్పు భౌతికశాస్త్రంలో ఉండేది కాదు. మూడో వరుసలో ఒక రుణ గుర్తు జారిపోయి ఉండేది, లేదా భిన్నాన్ని తలకిందులు చేయడంలో పొరపాటు జరిగి ఉండేది. సరిచూసుకోవడానికి ఒక మార్గం ఉంది: అక్షరాలతో ఉన్న ఒక సూత్రాన్ని తీసుకుని, అందులోని ప్రతి రాశినీ మిగతా వాటితో రాసి చూడండి. రెండు నిమిషాలలో తప్పు లేకుండా చేయగలిగితే ముందుకు వెళ్ళవచ్చు.

3వ అంచె: లెక్కలు చేసే పద్ధతిని స్థిరపరచుకోండి

ప్రతి లెక్కకు ఈ క్రమం పాటించండి. ముందు బొమ్మ గీయండి. వస్తువును విడిగా గీసి, దాని మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలతో చూపండి. ఒక్కో బాణం పక్కన ఆ బలాన్ని ఏ వస్తువు కలిగిస్తోందో రాయండి. కలిగించే వస్తువు పేరు చెప్పలేకపోతే ఆ బాణం అక్కడ ఉండకూడదు. ఈ ఒక్క నియమం వల్లనే సగం తప్పులు ఆగిపోతాయి. తరువాత సమీకరణాలను అక్షరాలతోనే చివరి దాకా సాధించండి. అంకెలను ఆఖరి వరుసలో మాత్రమే వేయండి. మొదటి వరుసలోనే అంకెలు వేసేస్తే జవాబు తప్పు వచ్చినప్పుడు ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్ళి కనుక్కోవడం దాదాపు అసాధ్యం.

జవాబు వచ్చాక పుస్తకం చివరి పేజీ తిప్పే ముందు మూడు పరీక్షలు చేయండి.

మొదటిది ప్రమాణాల పరీక్ష: కాలం కావలసిన చోట మీ జవాబుకు పొడవు ప్రమాణం వస్తే ఇంకేమీ చూడనక్కరలేదు, అది తప్పే.

రెండోది అంచుల పరీక్ష. కప్పీ మీదుగా వేసిన తాడుకు రెండు వైపులా రెండు బరువులు వేలాడుతున్నాయనుకోండి. వాటి త్వరణం ద్రవ్యరాశుల తేడాను వాటి మొత్తంతో భాగించి గురుత్వ త్వరణంతో గుణిస్తే వస్తుంది. రెండు ద్రవ్యరాశులూ సమానమైతే జవాబు సున్నా కావాలి, ఒకవైపు ఏమీ లేకపోతే గురుత్వ త్వరణమే కావాలి. మీరు రాబట్టిన సూత్రం ఈ రెండు అంచుల దగ్గరా సరిపోతే దాన్ని చాలావరకు నమ్మవచ్చు.

మూడోది పరిమాణపు పరీక్ష: విసిరిన బంతి సెకనుకు 4,000 మీటర్ల వేగంతో వెళ్తోందని వస్తే మీ లెక్కలో ఎక్కడో సెంటీమీటర్లు మీటర్లుగా మారలేదు.

తరచుగా ఎదురయ్యే రెండు భావదోషాలను ఇక్కడే చెబుతాను. పైకి విసిరిన బంతి శిఖరం దగ్గర ఆగిన క్షణంలో త్వరణం సున్నా అని చాలామంది రాస్తారు. సున్నా అయ్యేది వేగం మాత్రమే, త్వరణం అక్కడ కూడా కిందికి 9.8గానే ఉంటుంది. అలా లేకపోతే బంతి పైనే ఉండిపోవాలి. రెండోది, వాలు బల్ల మీది వస్తువుకు అభిలంబ బలం, అంటే బల్ల తన తలానికి లంబంగా వస్తువును నెట్టే బలం, దాని బరువుతో సమానమని అనుకోవడం. బల్ల వంగిన కొద్దీ ఆ బలం తగ్గుతుంది, బల్ల నిలువుగా నిలబడితే సున్నా అవుతుంది. ఇది కూడా అంచుల పరీక్షే అని గమనించండి.

హెచ్చరిక: సాధన చూసి అర్థం చేసుకోవడాన్ని లెక్క రావడంగా పొరబడకండి. కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు క్షణాలలో సాధన రాసి ఇస్తున్నాయి, అది కొన్నిసార్లు తప్పుగా కూడా ఉంటుంది. నలభై నిమిషాలు ప్రయత్నించిన తరువాతే సహాయం అడగండి. అప్పుడు కూడా పూర్తి సాధన కాకుండా ఒక్క సూచన మాత్రమే అడగండి. సాధన చూసిన ప్రతి లెక్క పక్కన ఒక గుర్తు పెట్టి, పది రోజుల తరువాత ఖాళీ కాగితం మీద మళ్ళీ చేయండి. అప్పుడు వస్తేనే అది మీకు వచ్చినట్టు.

4వ అంచె: నెలకు ఒక కొలత చేయండి

ప్రయోగశాల లేదు కాబట్టి ప్రయోగాలు చేయలేకపోతున్నామని చాలామంది అంటారు. మొదటి రెండేళ్ళకు ప్రయోగశాల అవసరం లేదు. లఘులోలకంతో మొదలుపెట్టండి, ఎందుకంటే అందులో జరగగల ప్రతి తప్పూ తరువాత పెద్ద ప్రయోగాలలో వేరే రూపంలో ఎదురవుతుంది.

దారానికి నట్టు కట్టి కదలని ఆధారానికి వేలాడదీయండి. పొడవును 30 సెంటీమీటర్ల నుంచి 120 సెంటీమీటర్ల దాకా కనీసం ఐదు రకాలుగా మార్చండి. ప్రతి పొడవుకూ 20 డోలనాలకు పట్టే కాలాన్ని కొలిచి 20తో భాగించండి. ఒక్క డోలనాన్నే కొలిస్తే బొత్తాం నొక్కడంలో జరిగే 0.2 సెకన్ల ఆలస్యం మొత్తం దాని మీదే పడుతుంది. 20 డోలనాలు కొలిస్తే అదే ఆలస్యం ఒక్కోదానికి 0.01 సెకనుకు తగ్గుతుంది. పొడవు ఒక మీటరు ఉంటే ఒక డోలనానికి దాదాపు 2 సెకన్లు పట్టాలి. ఆ తరువాత అడ్డు అక్షం మీద పొడవును, నిలువు అక్షం మీద డోలన కాలపు వర్గాన్ని తీసుకుని గ్రాఫ్ గీయండి. సరళరేఖ రావాలి, దాని వాలు సుమారు 4.03 ఉండాలి, 39.48ని (అంటే 4π²ని) ఆ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది. భూమి మీద అసలు విలువ భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83.

మీకు వచ్చిన అంకె తేడాగా ఉంటే కారణం ఇలా వెతకండి:

- 10.8 దగ్గర వచ్చిందంటే లెక్కింపును అనుమానించండి. నట్టును వదిలిన క్షణంలో ఒకటి అని మొదలుపెట్టి ఇరవై దగ్గర ఆపితే జరిగినవి 19 డోలనాలే. వదిలేటప్పుడు సున్నా అనాలి. నా మొదటి ప్రయోగంలో ఇదే తప్పు చేసి, దారం సాగుతోందని రెండు రోజులు నమ్మాను.
- రేఖ సున్నా బిందువు గుండా పోకపోతే పొడవు కొలతలో స్థిరమైన తప్పు ఉంది. ముడి దాకా కాకుండా నట్టు మధ్యబిందువు దాకా కొలవాలి. గ్రాఫ్ గొప్పదనం ఇక్కడే తెలుస్తుంది: పొడవులన్నిటిలో ఒకే తేడా ఉంటే రేఖ పక్కకు జరుగుతుంది కాని వాలు మారదు, కాబట్టి గురుత్వ త్వరణం సరిగానే వస్తుంది. ఒక్క పొడవుతో సూత్రంలో అంకెలు వేసి సరిపెట్టుకున్న వారికి ఈ రక్షణ ఉండదు.
- విలువ తక్కువగా వస్తుంటే ఊపు ఎంత పెద్దదో చూడండి. నిలువు నుంచి ఒక వైపుకు 10 డిగ్రీల లోపు ఊగితే కాలంలో తేడా 0.2 శాతం కూడా ఉండదు. 30 డిగ్రీలకు 1.7 శాతం, 60 డిగ్రీలకు 7 శాతానికి పైగా ఉంటుంది.

ఫలితాన్ని ఒక్క అంకెగా రాయకండి. ఒకే కొలతను ఐదుసార్లు చేసి, విలువలు ఎంత చెదిరాయో చూసి, 9.7కు అటూ ఇటూ 0.2 అన్నట్టు రాయండి. అనిశ్చితి లేని కొలత భౌతికశాస్త్రంలో అసంపూర్ణమైన వాక్యం వంటిది. 9.8 వచ్చే దాకా కొలతలు మార్చడం, నచ్చని విలువను కొట్టేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఈ వృత్తిలో క్షమించరానిది అదొక్కటే.

తరువాత మీ వెంట్రుక మందాన్ని కొలవండి. ఎర్రని లేజర్ పాయింటర్ కాంతిని వెంట్రుక మీదుగా రెండు మీటర్ల దూరంలోని గోడ మీద పడనిస్తే, చుక్కకు రెండు వైపులా చీకటి చారలు కనిపిస్తాయి. 650 నానోమీటర్ల కాంతికి, 0.07 మిల్లీమీటర్ల వెంట్రుకకు, నడిమి నుంచి మొదటి చీకటి చార సుమారు 1.9 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో గుణించి ఆ దూరంతో భాగిస్తే మందం వస్తుంది. మీకు సగం విలువ వస్తే, కుడి మొదటి చార నుంచి ఎడమ మొదటి చారకు కొలిచారన్నమాట. ఎడమ ఐదో చార నుంచి కుడి ఐదో చార దాకా కొలిచి పదితో భాగించడం ఇంకా మెరుగైన మార్గం.

హెచ్చరిక: లేజర్ ఒక మిల్లీవాట్ మించకూడదు, కాంతిని ఎవరి కళ్ళలోకీ, అద్దం మీదికీ పోనివ్వకూడదు. లేజర్ దొరకకపోతే ఫోన్‌లోని త్వరణ సంవేదికను వాడండి: ఏ ఉచిత అనువర్తనంతోనైనా చూస్తే కదలకుండా బల్ల మీద ఉన్న ఫోన్ 9.8 చూపిస్తుంది, మెత్తని పరుపు మీదికి జారవిడిస్తే పడుతున్నంత సేపూ దాదాపు సున్నా చూపిస్తుంది. ఎందుకలా అన్నదానికి మీ మాటల్లో ఒక పేజీ జవాబు రాయండి.

5వ అంచె: ప్రోగ్రామింగ్ నేర్చుకోండి, కాని భౌతికశాస్త్రం కోసమే

పైథాన్ భాష చాలు. చరరాశులు, లూపులు, జాబితాలు, గ్రాఫ్ గీయడం వచ్చిన వెంటనే పాఠాలు ఆపి, 20 మీటర్ల ఎత్తు నుంచి పడే బంతిని ప్రోగ్రాముగా రాయండి. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలో త్వరణం నుంచి వేగాన్ని, వేగం నుంచి స్థానాన్ని మార్చుకుంటూ పోవాలి. గాలి లేకపోతే 2.02 సెకన్లలో, సెకనుకు 19.8 మీటర్ల వేగంతో నేలను తాకాలి. అది సరిపోయిన తరువాతే గాలి నిరోధాన్ని కలపండి. జవాబు తెలిసిన సందర్భంతో సరిచూడకుండా తెలియని సందర్భంలోకి వెళ్ళడమే ఇక్కడ జరిగే ప్రధాన దోషం.

కాలపు ముక్కను సగం చేసినప్పుడు జవాబు గణనీయంగా మారితే ముక్క ఇంకా పెద్దదిగా ఉందని అర్థం. స్ప్రింగు మీది బరువును ఇదే పద్ధతిలో, కాని స్థానాన్ని పాత వేగంతోనే మారుస్తూ నడిపితే ఊపు దానంతట అదే పెరగడం మీరు చూడవచ్చు. ప్రకృతి అలా చేయదు, మీ పద్ధతి చేస్తోంది. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని మార్చండి. ప్రోగ్రాములో ఒక్క వరుస చోటు మారినందుకే ఊపు నిలకడగా ఉండిపోతుంది.

6వ అంచె: భాష

పరిశోధన పత్రాలలో అత్యధిక భాగం ఇంగ్లీషులోనే వస్తాయి కాబట్టి సాంకేతికమైన ఇంగ్లీషును నెమ్మదిగా చదవగలగాలి. వారానికి ఒక పేజీ చదివి దాని సారాన్ని తెలుగులో పది వాక్యాలలో రాయండి. తెలుగులో రాయలేకపోయిన వాక్యం మీకు అర్థం కానిది అన్నమాట. ఈ పరీక్ష నన్ను ఇప్పటి వరకు మోసం చేయలేదు. 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో పత్రాల సారాంశాలను చూడవచ్చు, అర్థం కాకపోయినా కంగారు పడకండి.

7వ అంచె: పోటీలను కొలమానంగా కాక సాధన సామగ్రిగా వాడుకోండి

అంతర్జాతీయ భౌతికశాస్త్ర ఒలింపియాడ్ 1967లో వార్సాలో మొదలైంది. ఒక్కో దేశం నుంచి గరిష్ఠంగా ఐదుగురు పాల్గొంటారు. ఐదు గంటల సిద్ధాంత పరీక్ష, ఐదు గంటల ప్రయోగ పరీక్ష ఉంటాయి. పాత ప్రశ్నలు, సాధనలు ఉచితంగా దొరుకుతాయి. ఎంపిక కాకపోయినా ఆ ప్రశ్నలలో నెలకు ఒకటి చేయండి. గడియారంతో పోటీ పడడం నచ్చని వారికి అంతర్జాతీయ యువ భౌతికశాస్త్రవేత్తల టోర్నమెంటు ప్రతి ఏడూ ఇచ్చే 17 సమస్యలు ఇంకా బాగుంటాయి. వాటికి పుస్తకంలో జవాబు ఉండదు, నెలల తరబడి కొలిచి చూడవలసిందే. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధనాకేంద్రం సెర్న్ 2014 నుంచి బడి పిల్లల బృందాలకు నిర్వహిస్తున్న బీమ్‌లైన్ ఫర్ స్కూల్స్ పోటీలో నెగ్గితే మీ ప్రతిపాదనను నిజమైన కణపుంజం మీద నడిపే అవకాశం దొరుకుతుంది. వీటిలో ఓడిపోవడం మీ భవిష్యత్తు గురించి ఏమీ చెప్పదు. పరిశోధనకు కావలసిన ఓర్పును ఐదు గంటల పరీక్ష కొలవలేదు.

8వ అంచె: పెద్దలను చేసిన పనితో పలకరించండి

తరువాత విద్యుదయస్కాంత పరిశోధనలతో పేరు పొందిన మైకేల్ ఫారడే పద్నాలుగేళ్ళకు పుస్తకాల బైండింగు పనిలో చేరాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, శ్రద్ధగా రాసుకున్న నోట్సును బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటి ఏడాది డేవీ అతన్ని సహాయకుడిగా తీసుకున్నాడు. మీరు కూడా ఒక అధ్యాపకుడికో పరిశోధకుడికో రాసేటప్పుడు మార్గదర్శనం చేయండి అని మాత్రమే రాయకండి. మీరు చేసిన కొలత, వచ్చిన ఫలితం, తెగని ఒకే ఒక ప్రశ్న, అన్నీ కలిపి పదిహేను వరుసలలో రాయండి. జవాబు రాకపోతే మూడు వారాల తరువాత ఒక్కసారి గుర్తు చేసి, ఆపై మరొకరికి రాయండి. ఇంటి పెద్దలకు తెలియకుండా ఎవరినీ ఒంటరిగా కలవకండి.

9వ అంచె: ముందున్న దారి తెలుసుకుని డిగ్రీని ఎంచుకోండి

పరిశోధనే వృత్తి కావాలంటే డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ, ఆ తరువాత తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు కలిపి పదేళ్ళు దాటే ప్రయాణమని ఇంట్లో ముందే చెప్పండి. విశ్వవిద్యాలయాలలో స్థిరమైన ఉద్యోగాలు పీహెచ్‌డీ చేసిన వారి సంఖ్య కంటే చాలా తక్కువ. అయితే ఆసుపత్రులలో రేడియేషన్ చికిత్సను లెక్కగట్టే వైద్య భౌతికశాస్త్రం, భూభౌతికశాస్త్రం, వాతావరణ నమూనాలు, అర్ధవాహక పరిశ్రమ, పరికరాల తయారీ, ఇవన్నీ భౌతికశాస్త్రం చదివిన వారి చేతుల మీదుగానే నడుస్తాయి. డిగ్రీ ఎంచుకునేటప్పుడు సంస్థ పేరు కంటే మూడు విషయాలు చూడండి: వారానికి ఎన్ని గంటలు ప్రయోగశాలలో ఉంటారు, మూడో ఏడాదికైనా పరిశోధన ప్రాజెక్టు ఉందా, ఇప్పుడు చదువుతున్న ఇద్దరు విద్యార్థులు నిజంగా ఏమంటున్నారు. ఇంజనీరింగులో చేరవలసి వస్తే దారి మూసుకుపోదు. గణితమూ కొలతా వదలకపోతే తరువాత భౌతికశాస్త్రానికి మారిన వారు ఉన్నారు.

ఆరు నెలలకు ఒకసారి సరిచూసుకోవడం

ఆరు నెలల కిందటి లెక్కల నోటుపుస్తకం తెరిచి, అప్పుడు రాని ఐదు లెక్కలను చూడకుండా చేయండి. మూడు వస్తే మీ పద్ధతి సరిగానే ఉంది. ఒక్కటీ రాకపోతే కొత్త అధ్యాయాలు ఆపి 3వ అంచెకు తిరిగి వెళ్ళండి. ప్రయోగాల నోటుపుస్తకాన్ని మాత్రం ఒక స్నేహితుడికి ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా అందులో ఒక కొలతను మళ్ళీ చేయమనండి. అతను ఎక్కడ ఆగి మీ వైపు చూశాడో అక్కడ మీరు రాయవలసిన వాక్యం ఒకటి మిగిలిపోయి ఉంది. ఆ రోజే తేదీ వేసి దాన్ని రాయండి.